సాక్ష్యము పలుకు పటము: ‘ఉషాహిదీ’ గుణదోష పరిశీలనము

ఆపదలో నున్నవారు ఒకచోట నుందురు. ఆదుకొనగలవారు మరియొకచోట నుందురు. అన్నముకంటెను, మందుకంటెను ముందుగా ఈ దూరమును దాటవలసినది వార్త. ఏ ఊరిలో ఏమి జరిగినదో తెలియనిదే సేవాసంఘము తన బండిని ఏ దిక్కునకు తోలవలెనో నిర్ణయింపజాలదు. ఒకప్పుడు వార్త కాలినడకన వచ్చెడిది. పిమ్మట టపా, తంతి, రేడియో వచ్చినవి. నేడు సామాన్యుని చేతిలో సెల్‌ఫోను ఉన్నది, సేవాసంఘము బల్లమీద కంప్యూటరు ఉన్నది, ఆ రెండింటి నడుమ ఇంటర్నెట్టు ఉన్నది. అయినను సాధనములు ఉన్నంత మాత్రమున పని జరుగదు. ఫోనులోని సందేశము ఒక పెట్టెలోను, ఈ-మెయిలు వేరొక పెట్టెలోను, దేశపటము ఇంకొక పుస్తకములోను పడియున్నచో అవి ఎవరికిని అక్కరకు రావు. వీనిని ఒక త్రాటిపైకి తెచ్చుట ఎట్లు?

లాభాపేక్షలేని సంఘముల కొరకు ఈ ప్రశ్నకు సమాధానముగా వచ్చిన సాఫ్టువేరులలో ‘ఉషాహిదీ’ మిక్కిలి పేరుపొందినది. 2008లో కెన్యా దేశమున పుట్టి, కొలది సంవత్సరములలోనే అనేక దేశములకు వ్యాపించినది. దీనిని పొగడినవారు ఎందరో కలరు. తప్పుపట్టినవారును కలరు. రెండు పక్షముల మాటలను ఎదురెదురుగా నుంచి, ఈ సాధనము నిజముగా ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తూచి చూచుట విజ్ఞాన విద్యార్థులకు ఉపయోగకరము.

పుట్టుక

2007 డిసెంబరు 27వ తేదీన కెన్యాలో అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగినది. డిసెంబరు 30న ఫలితము ప్రకటింపబడగానే దేశమున అల్లర్లు చెలరేగినవి. ప్రభుత్వము వార్తల ప్రత్యక్ష ప్రసారములను నిషేధించినది. ఆ తరువాత జరిగిన అధికార విచారణలో తేలిన లెక్క ప్రకారము ఆ అల్లర్లలో 1,133 మంది మరణించిరి. లక్షలాదిమంది ఇల్లు వాకిలి విడిచి పారిపోయిరి. పట్టణములలోని పత్రికలకు మారుమూల గ్రామముల సంగతులు అందలేదు. ఆయా గ్రామములవారికి తమ పొరుగున ఏమి జరుగుచున్నదో తెలియలేదు.

ఓరీ ఓకొల్లో అను కెన్యా న్యాయవాది 2008 జనవరి మొదటి వారమున ఒక సూచన చేసినది. ప్రజలే తాము చూచిన సంఘటనలను తెలియజేయగా, వానిని గూగుల్ సంస్థవారి పటముపై గుర్తింపరాదా అని ఆమె అడిగినది. డేవిడ్ కోబియా, ఎరిక్ హెర్స్‌మన్, జూలియానా రోటిచ్ మొదలగువారు ఆ మాటను అందుకొని, కొలదిదినములలోనే వెబ్‌సైటును నిలిపిరి. స్వాహిలీ భాషలో ‘ఉషాహిదీ’ అనగా సాక్ష్యము. పేరు పనికి తగినట్లే ఉన్నది.

ఈ మొదటి ప్రయత్నమును అదే సంవత్సరము హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు పత్రికా వార్తలతో పోల్చి చూచిరి. పెద్ద పత్రికలు విడిచిన కొన్ని సంఘటనలు ఈ పటమునకు ఎక్కినవని వారు కనుగొనిరి. అయితే ఆ పరిశోధకులలో ఒకరు అనంతరము ఉషాహిదీ సంస్థలోనే పనిచేసినారు; పాఠకులు ఈ సంగతిని మనస్సునందుంచుకొనుట న్యాయము. పటము తెరచునప్పటికే అల్లర్లు మొదలై కొన్నిదినములు గడచినందున, ఆరంభదినముల సాక్ష్యము దీనిలో పలుచగా ఉన్నదనుటయు నిజమే.

2008లోనే ఈ సాఫ్టువేరును తిరిగి వ్రాసి, ఎవరైనను ఉచితముగా తీసికొని, తమకు కావలసినట్లు మార్చుకొనుటకు వీలుగా విడుదల చేసిరి. 2009లో భారతదేశమున లోక్‌సభ ఎన్నికలు జరిగినప్పుడు, ఎన్నికల నియమావళి ఉల్లంఘనములను పౌరులు తెలియజేయుటకు కొందరు కార్యకర్తలు దీనినే ఉపయోగించిరి.

నాలుగు పరికరముల పొత్తు

ఉషాహిదీలో క్రొత్తగా కనిపెట్టిన యంత్రము ఏదియు లేదు. సందేశములు పంపు ఫోను, ఈ-మెయిలు, వెబ్‌సైటులోని ఫారము, పటము — ఈ నాలుగును ముందే ఉన్నవి. వీనిని ఒకదానితో నొకటి తగిలించుటయే దీని ఘనత.

ఈ తగిలింపు ఎట్లు జరుగును? రైలుబండి పెట్టెలను తలచుకొనుడు. ఒక పెట్టె కూర్చుండువారికొరకు, మరియొకటి సరకులకొరకు తయారుచేసినను, రెండింటి కొక్కెములు ఒకే కొలతలో నుండుటచేత ఏ పెట్టెనైనను ఏ పెట్టెకైనను కలుపవచ్చును. సాఫ్టువేరులకును ఇట్టి కొక్కెములు కలవు. వానిని ఏపీఐ అని పిలుతురు. ఏ మాటతో అడిగిన ఏ రూపమున జవాబు వచ్చునో ముందుగా నిర్ణయించిన ఒడంబడికయే ఏపీఐ. ‘ఈ అక్షాంశ రేఖాంశములుగల స్థలమున చుక్క పెట్టుము’ అని ఉషాహిదీ ఆ ఒడంబడిక ప్రకారము అడుగును. పటము ఆ ప్రకారమే చేయును. పటమును తయారుచేసినవారికి ఉషాహిదీని గురించి తెలియవలసిన అవసరము లేదు.

ఇంటర్నెట్టు లేని పల్లెలనుండి సందేశములు ఎట్లు వచ్చును? ఇందుకు ఫ్రంట్‌లైన్ ఎస్సెమ్మెస్ అను వేరొక సాఫ్టువేరు తోడ్పడినది. కెన్ బ్యాంక్స్ అను ఆంగ్లేయుడు దీనిని 2005లో విడుదల చేసెను. ఒక మామూలు ఫోనును తీగతో కంప్యూటరునకు తగిలించినచో, ఆ ఫోనుకు వచ్చిన సందేశములన్నియు కంప్యూటరులో వరుసగా చేరుచుండెను. వందలమందికి ఒకేసారి జవాబును పంపుటకు వీలుండెను. ఇంటర్నెట్టు ఎక్కడనో ఒకచోట, కార్యాలయమునందు ఉన్న చాలును. సందేశము పంపువానికి అది అక్కరలేదు.

ఇట్లు వచ్చిన ప్రతి సందేశమును ఒక స్వచ్ఛంద సేవకుడు చదువును. అది ఏ తరగతికి చెందినదో — అన్నమా, నీరా, వైద్యమా, దౌర్జన్యమా — నిర్ణయించును. అది ఏ స్థలమునుండి వచ్చినదో గుర్తించును. నిజమని తేలినదో లేదో వ్రాయును. తరువాత చుక్క పటముపైకి ఎక్కును. బయటినుండి చూచువానికి అంతయు యంత్రమే చేసినట్లు కనిపించును గాని, నిజమునకు భారమంతయు చదువువారి మీదనే ఉన్నది.

చిన్న సందేశము, పెద్ద చిక్కు

సెల్‌ఫోను సందేశము కొలత 1,120 బిట్లు. ఇంగ్లీషు మొదలగు భాషల అక్షరములకు వాడు సంకేతమున ఒక్కొక్క గుర్తుకు 7 బిట్లు చాలును; కనుక 160 గుర్తులు పట్టును. తెలుగు లిపికి ఆ సంకేతము చాలదు. ఒక్కొక్క గుర్తుకు 16 బిట్లు కావలెను. 1,120ని 16 చేత భాగింపగా 70 మాత్రమే వచ్చును. అందులోను తెలుగు గుణింతము వేరుగా, పొల్లు వేరుగా లెక్కకు వచ్చును. ‘విజ్ఞానము’ అను మాటను పలుకునప్పుడు నాలుగే అక్షరములు. సందేశమున అది తొమ్మిది గుర్తులను ఆక్రమించును. అంతకు మించిన సందేశము ముక్కలుగా పోవును.

కనుక ఆపదలోనున్నవాడు పొట్టిగా వ్రాయును. పొట్టిగా వ్రాయునప్పుడు మొదట జారిపోవునది స్థలము యొక్క వివరము. ‘కొత్తపల్లిలో నీరు వచ్చినది’ అని ఒక సందేశము వచ్చినదనుకొందము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కొత్తపల్లి అను పేరుగల ఊళ్లు పెక్కు కలవు. మండలము, జిల్లా తెలియనిచో చుక్కను ఎక్కడ పెట్టవలెను?

ఊరు సరిగా తెలిసినను వేరొక చిక్కు మిగిలియే ఉన్నది. సందేశము ఊరి పేరును మాత్రమే చెప్పినచో, సాఫ్టువేరు చుక్కను ఊరి నడిబొడ్డున ఉంచును. పటమునకు అంకెలే తెలియును గాని సందేహము తెలియదు. అక్షాంశమున ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తరువాత మూడవ స్థానము సుమారు 111 మీటర్లను, ఆరవ స్థానము సుమారు 11 సెంటీమీటర్లను సూచించును. కంప్యూటరు ఆరు స్థానములను వ్రాసినంతమాత్రమున, ఆ సంఘటన ఆ జానెడు నేలమీదనే జరిగినదని అర్థము కాదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్కేలుతో కొలిచి నాలుగు దశాంశములు వ్రాసిన విద్యార్థిని ఉపాధ్యాయుడు మందలించును. ఇక్కడ జరుగునదియు అట్టి పొరపాటే. పొడవైన అంకె ఖచ్చితమైన జ్ఞానమునకు గుర్తు కాదు. మొదటి పటములు ఈ సందేహమును చూపరులకు తగినంతగా తెలుపలేదనుట ఉషాహిదీమీది న్యాయమైన విమర్శ.

హైతీలో పరీక్ష

2010 జనవరి 12వ తేదీ సాయంకాలము హైతీ దేశమున 7.0 పరిమాణముగల భూకంపము వచ్చినది. రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ నగరమున అధ్యక్ష భవనము కూలినది. అక్కడి ఐక్యరాజ్య సమితి దళముల ముఖ్యకార్యాలయము కూలి, వాని అధిపతియే మరణించెను. సహాయము చేయవలసినవారే శిథిలముల క్రింద పడియుండిరి.

ఆ రాత్రియే అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థియైన పాట్రిక్ మయర్ హైతీకొరకు ఉషాహిదీ పటమును తెరచెను. తోటి విద్యార్థులు పగలు రాత్రి అనక వంతులవారీగా కూర్చుండి వార్తలను చదివి చుక్కలు పెట్టిరి. కొలదిదినములలో 4636 అను పొట్టి సంఖ్య ఏర్పాటైనది. ఫోను మీటలపై ఇంగ్లీషున ‘ఇన్ఫో’ అను మాటకు వచ్చు అంకెలే ఇవి, జ్ఞాపకముంచుకొనుట సులభము. స్థానిక రేడియో కేంద్రములు ఈ సంఖ్యను ప్రజలకు చాటినవి.

సందేశములు హైతీవారి క్రియోల్ భాషలో వచ్చెను. సహాయదళములలో అనేకులకు ఆ భాష రాదు. అప్పుడు విదేశములలో నివసించు హైతీ ప్రజలు వందలకొలదిగా ముందుకు వచ్చి, ఎవరి ఇంట వారు కూర్చుండి సందేశములను ఇంగ్లీషులోనికి మార్చిరి. వీధుల పేర్లు, సందుల గుర్తులు వారికి తెలియును. ‘చర్చి వెనుక, పెద్దచెట్టు దగ్గర’ అను మాటకు స్థలమును చూపగలవారు వారే. ఇదే సమయమున ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను ప్రజాపటమునకు చెందిన స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహ ఛాయాచిత్రములను చూచి, ఆ నగరపు వీధులను కొన్నిదినములలో గీచిరి. అంతకుముందు అంత వివరమైన పటము ఆ నగరమునకు లేదు.

తుదకు పటముపైకి ఎక్కిన నివేదికలు 3,500కు పైగా ఉన్నవి. దూరదేశములందు కూర్చున్న విద్యార్థులు, కూలీలు, గృహిణులు జీతము లేక, పైఅధికారి ఆజ్ఞ లేక ఇంతటి పనిని నడిపిరి. సేవాసంఘముల చరిత్రలో దీనికి సాటియైన ఉదాహరణములు అరుదు. ఈ మాటను విమర్శకులును కాదనలేదు.

కాని సందేశము పంపినవాని సంగతి ఏమి? అతడు సందేశమును పటముకొరకు పంపలేదు. నీటికొరకు, శిథిలముల క్రిందనున్న బిడ్డకొరకు పంపెను. ఉషాహిదీ నడుపువారి చేతిలో నీరు లేదు, పారలు లేవు, బండ్లు లేవు. అవి ఉన్న సంఘములు ఈ పటమును చూడవలెను, నమ్మవలెను, తమ పనిలో చేర్చుకొనవలెను. 2011లో వెలువడిన స్వతంత్ర మూల్యాంకనమునుబట్టి చూడగా, కొన్ని అమెరికా ప్రభుత్వ విభాగములు, కొన్ని చిన్న సంఘములు దీనిని వాడుకొనినవి గాని, ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యమున నడచు క్రమబద్ధమైన సహాయ యంత్రాంగముతో ఇది సరిగా అతుకలేదు. ఒక్కొక్క సందేశమునకు జవాబిచ్చుటకంటె, మొత్తముమీద పరిస్థితి ఎట్లున్నదో తెలియుటకే ఇది ఎక్కువగా పనికివచ్చినది. అదే సంవత్సరము హార్వర్డువారు తయారుచేసిన మరియొక నివేదికయు ఇదే లోపమును ఎత్తిచూపి, స్వచ్ఛంద సేవకులకును అధికార సంస్థలకును నడుమ ఒక స్థిరమైన వారధి కావలెనని చెప్పినది.

ఇందులో ఒక వింత కలదు. యంత్రములను యంత్రములతో కలుపు కొక్కెములు దొరికినవి. సంఘములను సంఘములతో కలుపు కొక్కెము దొరకలేదు.

చుక్కలు దేనిని తెలుపును?

హైతీ సందేశములను గూర్చి శాస్త్రజ్ఞులలో ఒక వాదము చెలరేగినది. ఐరోపా సమాజమునకు చెందిన సంయుక్త పరిశోధన కేంద్రమువారు సందేశములు వచ్చిన స్థలములను, భవనములు కూలిన స్థలములను పోల్చి, రెండింటి విస్తరణమునకు సంబంధము కలదనిరి. ఇది నిజమైనచో సందేశములను లెక్కించి ఎక్కడ ఎక్కువ నష్టము జరిగినదో ఊహింపవచ్చును. బెనెటెక్ అను సంస్థకు చెందిన గణాంకవేత్తలు 2011లో దీనిని ఆక్షేపించిరి. మొత్తము భవనములు ఎక్కడ ఎన్ని ఉన్నవో లెక్కలోనికి తీసికొన్నచో ఆ సంబంధము నిలువదని, పైగా కొంత విపరీతముగా కూడ కనబడునని వారి వాదము.

దీనిని ఒక కల్పిత ఉదాహరణముచే తెలిసికొనవచ్చును. ఒక నగరమున రెండు పేటలు కలవనుకొందము. మొదటి పేటలో 1,000 ఇండ్లు. వానిలో నూటికి 10 చొప్పున 100 ఇండ్లు కూలినవి. రెండవ పేటలో 100 ఇండ్లు. వానిలో నూటికి 60 చొప్పున 60 ఇండ్లు కూలినవి. మొదటి పేటలో జనము ఎక్కువ, ఫోనులు ఎక్కువ, బ్రతికి బయటపడినవారు ఎక్కువ. అక్కడనుండి 50 సందేశములు వచ్చినవి. రెండవ పేటలో ఫోనులే ఇండ్లతోపాటు నేలమట్టమైనవి. అక్కడనుండి 3 సందేశములే వచ్చినవి.

ఇప్పుడు పటమును చూచినవాడేమి అనుకొనును? 50 చుక్కలున్న చోట 100 ఇండ్లు కూలినవి, 3 చుక్కలున్న చోట 60 కూలినవి. కనుక చుక్కలెక్కువయిన చోట నష్టమెక్కువ, లెక్క సరిపోయినదని సంతసించును. నిజమునకు రెండవ పేట దాదాపు నాశమైనది. మొదటి పేట చాలవరకు నిలిచియున్నది. చుక్కలు నష్టమును కొలువలేదు, జనసంఖ్యను కొలిచినవి. సహాయపు బండి చుక్కలవెంట పోయినచో, ఎక్కువ అవసరమున్నవారిని విడిచి తక్కువ అవసరమున్నవారి వద్దకు ముందుగా చేరును.

గణాంకశాస్త్రమున దీనిని ఎంపికలో పక్షపాతమందురు. తమంతట తాము మాటాడినవారి సంఖ్యనుబట్టి మాటాడనివారి స్థితిని నిర్ణయింపరాదు. తరగతిలో చేయి ఎత్తిన విద్యార్థులను మాత్రమే ప్రశ్నించి, తరగతి అంతయు పాఠమును గ్రహించినదని తలచు ఉపాధ్యాయుడు చేయు తప్పు ఇదియే. ఉషాహిదీ పటమున చుక్క ఉన్నచో అక్కడ ఒక సంగతి చెప్పబడినదని అర్థము. చుక్క లేనిచో అక్కడ కష్టము లేదని అర్థము కాదు. అక్కడినుండి ఎవరును చెప్పలేదని మాత్రమే అర్థము. పేదలు, వృద్ధులు, చదువురానివారు, తమ చేతిలో ఫోను లేని స్త్రీలు ఈ ఖాళీలోనే ఉందురు.

సాక్షికి రక్ష ఏది?

ప్రకృతి వైపరీత్యమునకును మనుష్యుల దౌర్జన్యమునకును ఒక భేదము కలదు. భూకంపము పటమును చదువదు. దౌర్జన్యము చేయువాడు చదువును. ఏ వీధినుండి ఎవరు ఫిర్యాదు చేసిరో పటముపై కనబడినచో, అతడు సాక్షి తలుపు తట్టుటకు ఎంతో సేపు పట్టదు. సాధనములను కలిపిన కొలది ఈ అపాయము పెరుగును. సందేశము, ఫోను నంబరు, స్థలము, సమయము విడివిడిగా ఉన్నప్పుడు హాని తక్కువ. నాలుగును ఒకే వరుసలో చేరినప్పుడు అది ఒక మనిషి గుర్తింపు చీటీ అగును.

ఈ పాఠమును స్వచ్ఛంద సేవకులు త్వరలోనే నేర్చుకొనిరి. 2011 మార్చిలో లిబియాలో పోరాటము జరుగుచున్నప్పుడు, ఐక్యరాజ్య సమితి మానవతా విభాగము కోరికపై వారు ఒక పటమును తయారుచేసిరి. ఈ పర్యాయము రెండు పటములుంచిరి. వివరములన్నియుగల పటమునకు తాళము వేసి, సంబంధించినవారికి మాత్రమే ఇచ్చిరి. ప్రజలకొరకు ఉంచిన పటమున వివరములను తగ్గించి, 24 గంటలు ఆలస్యముగా వార్తలను చూపిరి. వేగమే గొప్ప గుణమని పుట్టిన సాధనము, అవసరమునుబట్టి నిదానమును కూడ నేర్చినది. ఇది దాని పరిపక్వతకు నిదర్శనము. హైతీలో అధికార సంస్థలు తమంతట ఈ పటము దగ్గరకు రాలేదు. లిబియా విషయమున అవే అడిగి చేయించుకొన్నవి. ఒక సంవత్సరములో వచ్చిన ఈ మార్పును కూడ లెక్కింపవలెను.

ఖాళీ పటములు

2010లో ఉషాహిదీవారు క్రౌడ్‌మ్యాప్ అను సౌకర్యమును ప్రారంభించిరి. అంతకుముందు ఈ సాఫ్టువేరును నిలుపుటకు సర్వరు కావలెను, దానిని తెలిసినవాడు కావలెను. క్రౌడ్‌మ్యాప్‌లో పేరు వ్రాసి మీట నొక్కినచో కొలది నిమిషములలో క్రొత్త పటము సిద్ధమగుచుండెను. చిన్న సంఘములకు ఇది వరమని అందరును తలచిరి.

2012లో ఇంటర్‌న్యూస్ అను సంస్థ ఇట్టి 12,000కు పైగా పటములను పరిశీలించినది. వానిలో నూటికి 90కి మించిన పటములలో పదేసి నివేదికలైనను లేవు. కొన్ని సరదాకొరకు, కొన్ని నేర్చుకొనుటకొరకు తెరచినవై యుండవచ్చును, వానిని తప్పుపట్టనక్కరలేదు. కాని ఒక సేవాసంఘము ప్రజలకు చాటి, సందేశములు పంపుడని కోరి, పిమ్మట చదువువారిని ఏర్పాటుచేయక విడిచినచో అది వేరు సంగతి. టపా పెట్టెను గోడకు తగిలించి, ఉత్తరములు తీయువానిని నియమింపకపోవుటవంటిది అది. ఒకసారి జవాబు రాక మోసపోయినవాడు రెండవసారి నిజమైన పెట్టెలో కూడ ఉత్తరము వేయడు. ఇందువలన కలుగు నష్టము ఆ ఒక్క సంఘముతో ఆగదు.

దీనికి సాఫ్టువేరును నిందించుట తగునా? కొంతవరకు తగును. పటము తెరచుటను ఎంతో సులభము చేసినవారు, తెరచువానిని ‘చదువువారెవరు? బదులిచ్చువారెవరు?’ అని గట్టిగా అడుగలేదు. సాంకేతిక భాగము మొత్తము పనిలో చిన్నపాలు మాత్రమేనని ఉషాహిదీ నిర్మాతలే పలుమార్లు హెచ్చరించియున్నారు. ఆ హెచ్చరిక మాటలలో ఉన్నంత స్పష్టముగా సాధనము యొక్క నిర్మాణములో లేదు.

కైరో చూపిన దారి

సాధనములు సరిగా అమరినప్పుడు ఏమి జరుగునో కైరో నగరమున కనబడినది. వీధులలో స్త్రీలను వేధించుటను అరికట్టుటకు 2010 డిసెంబరులో అక్కడ హరాస్‌మ్యాప్ అను ప్రయత్నము మొదలైనది. వారు వాడినవి ఉషాహిదీ, ఫ్రంట్‌లైన్ ఎస్సెమ్మెస్ సాఫ్టువేరులే. వేధింపునకు గురియైన స్త్రీ సందేశము పంపగానే, న్యాయసహాయము, మానసిక సహాయము ఎక్కడ లభించునో తెలుపు జవాబు ఆమె ఫోనుకు వెంటనే వచ్చుచుండెను. పేరు చెప్పనక్కరలేదు.

అంతటితో వారు ఆగలేదు. స్వచ్ఛంద సేవకులు తమ పేటలలోనే వీధులవెంట తిరిగి, దుకాణదారులతోను, కావలివారితోను, కాఫీ అంగళ్లవద్ద కూర్చుండువారితోను మాటాడిరి. ‘ఇది మన వీధిలో జరుగుటలేదు’ అనువారికి పటమును చూపిరి. ఇక్కడ పటము తుదిఫలము కాదు, సంభాషణకు మొదటిమాట. ఎన్ని వేధింపులు జరిగినవో ఈ చుక్కలు కొలువజాలవని ముందే చెప్పుకొన్నాము. కాని ‘జరుగుటలేదు’ అను మాటను ఖండించుటకు ఒక్క నిజమైన సాక్ష్యము చాలును. హైతీలో కొలతగా వాడబోయి తప్పటడుగు వేసిన సాధనమే, ఇక్కడ సాక్ష్యముగా వాడినందున సార్థకమైనది.

తీర్పు

మొత్తముమీద ఉషాహిదీని గూర్చి ఇట్లు చెప్పవచ్చును. విడివిడిగానున్న సాధనములను తక్కువ ఖర్చుతో కలిపి, పేదదేశపు పౌరుని మాటను లోకమునకు వినిపించుట దాని మేలిగుణము. ఆఫ్రికాలో పుట్టిన సాఫ్టువేరును ఇతర ఖండములవారు అడిగి తీసికొనుట చిన్న సంగతి కాదు. విన్న మాటకు బదులు చెప్పు ఏర్పాటు దానిలో అంతర్భాగముగా లేకపోవుట దాని పెద్ద కొరత. చుక్కల రాశిని చూచి శాస్త్రీయమైన కొలతయని భ్రమపడుట దానిని వాడువారి దోషము. ఆ భ్రమకు పటము యొక్క అందమైన రూపము తోడ్పడుచున్నది.

ఉన్నత పాఠశాలలలోని విజ్ఞాన సంఘములు ఈ విషయమును స్వయముగా పరీక్షింపవచ్చును. ఇందుకు కంప్యూటరు కూడ అక్కరలేదు. ఊరి పటమును పెద్ద కాగితముపై గీచి, చేతిపంపులు చెడిపోయిన చోట్లను తెలుపుడని ఒక వారము దినములు అందరిని కోరవలెను. వచ్చిన కబురు వచ్చినట్లు ఎర్రచుక్క పెట్టవలెను. తరువాతి వారము విద్యార్థులే వీధి విడువక తిరిగి, ప్రతి పంపును కొట్టి చూచి, చెడిన వానికి నీలిచుక్క పెట్టవలెను. నీలిచుక్క ఉండి ఎర్రచుక్క లేని వీధులేవి? అక్కడ నివసించువారెవరు? వారు ఎందుచేత చెప్పలేదు? ఈ ప్రశ్నలకు జవాబు వెదకినవారికి గణాంకశాస్త్రముతోపాటు తమ ఊరును గూర్చియు కొంత తెలియును.

పిమ్మట ఆ పటమును గ్రామ పంచాయతీవారికి చేర్చి, ఏ పంపును ఎప్పుడు బాగుచేసిరో ఆ కాగితముమీదనే తేదీతో వ్రాయుచుండవలెను. కబురు పంపినవారు వచ్చి చూచినప్పుడు తమ చుక్క ప్రక్కన ఆ తేదీ కనబడవలెను. ఎంత పెద్ద సాఫ్టువేరునకైనను ఈ తేదీయే పరీక్ష.